టీచర్ మెసేజ్‌లు ఎవరి ఫోన్‌కి వెళ్తున్నాయి?

రామంతాపూర్ నుంచి ఒక తల్లి రాశారు. తన పేరు, స్కూల్ పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇక్కడ ఇస్తున్నాను.

వాళ్లది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చారు. భర్త ఐటీ కంపెనీలకు క్యాబ్ నడుపుతారు, ఎక్కువగా నైట్ షిఫ్టులే. ఆమె ఇంట్లో బ్లౌజులు కుడతారు, మగ్గం వర్క్ చేస్తారు. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివారు. ఒక్కతే కూతురు. ఇంటికి దగ్గర్లోని ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం స్కూల్లో నాలుగో తరగతి చదువుతోంది. మూడో తరగతి దాకా ఏ ఇబ్బందీ లేదు. ఈ జూన్‌లో క్లాస్ టీచర్ మారారు. మొదటి ఎఫ్‌ఏ పరీక్షలో (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) 20కి తెలుగులో 17, ఇంగ్లిష్‌లో 8, లెక్కల్లో 7, ఈవీఎస్‌లో (పరిసరాల విజ్ఞానం) 6 వచ్చాయి.

సాయంత్రం 5 నుంచి 7 దాకా వీధి చివర ట్యూషన్. హోంవర్క్ అంతా అక్కడే అయిపోతుంది. నోట్‌బుక్కులు చూస్తే గుండ్రటి అక్షరాలు, ఒక్క తప్పు ఉండదు. కిరాణా కొట్టుకు పంపితే చిల్లర లెక్క చూసుకుని సరిగ్గా తెస్తుంది. అలాంటి పిల్లకు ఈ మార్కులేమిటని ఆమెకు అర్థం కాలేదు.

పేరెంట్స్ మీటింగ్‌లో గంటకు పైగా నిలబడ్డాక ఆమె వంతు వచ్చింది. టీచర్ మార్కుల షీటు ముందుకు జరిపి ఇంగ్లిష్‌లో చెప్పుకుపోయారు. సగమే అర్థమైంది. చివర్లో తెలుగులో, “ఇంట్లో ఎవరూ పట్టించుకోరా అండీ? ఎన్నిసార్లు చెప్పినా మీ నుంచి రెస్పాన్స్ లేదు” అన్నారు. వెనక నిలబడ్డ వాళ్లంతా విన్నారు. “ఆటో ఎక్కేదాకా ఆపుకున్నాను, ఎక్కాక ఆగలేదు” అని రాశారు ఆమె.

ఇంటికొచ్చి డైరీ తిరగేస్తే టీచర్ రాసిన నోట్స్ చాలానే కనిపించాయి. ప్రతిదాని కిందా తన సంతకం ఉంది. అది తను చేసింది కాదు, పాప చేసుకుంది. కోపం పట్టలేక ఒక దెబ్బ వేశారు. ఆ రాత్రే భర్త ఫోన్ నుంచి టీచర్‌కి మెసేజ్ పెట్టారు: “అందరి ముందు అట్ల అనుడు బాగలేదు మేడం. ఫీజు కడ్తున్నం, ట్యూషన్ పెట్టినం, ఇంకేం పట్టించుకోవాలె?” రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. స్కూల్ దగ్గర మొదటినుంచీ ఉన్నది భర్త నంబరే. క్లాస్ గ్రూపు కూడా ఆ ఫోన్‌లోనే ఉంది. పగలు నిద్రపోవాలి కాబట్టి ఆయన గ్రూపులన్నీ మ్యూట్‌లో పెట్టుకుంటారు.

అప్పటినుంచి టీచర్ తన నోట్‌బుక్కు దిద్దకుండా పక్కన పెడుతున్నారని పాప అంటోంది. “అమ్మా, నువ్వు మళ్ల స్కూల్‌కు రాకు” అని కూడా అంటోంది. ఇంట్లో తలో మాట. భర్త స్కూల్ మార్చేద్దామంటారు. అత్తమ్మ “టీచర్‌తోని మనకెందుకు, పోయి సారీ చెప్పు” అంటుంది. మరిదికి ఎవరో లీడర్ తెలుసట, “నేనొచ్చి మాట్లాడ్తా వదినా” అంటున్నాడు. క్లాసులో ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి ప్రిన్సిపల్‌కి కంప్లైంట్ ఇద్దామంటున్నారు. “ఏం చేసినా ఆ కోపం నా పాప మీద తీర్చుకుంటారేమోనని భయం. నేనేం చేయాలి?” అని అడిగారు.

సమాధానం:

అమ్మా, నలుగురి ముందు ఆ టీచర్ అలా అనకూడదు. ఎంత పని ఉన్నా, ఎంత విసుగొచ్చినా అనకూడదు. మీకు కోపం రావడంలో తప్పేమీ లేదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడినుంచి కాసేపు ఆ టీచర్ వైపు నుంచి కూడా మాట్లాడతాను. అప్పుడు ‘ఈవిడ కూడా వాళ్ల పక్షమే’ అనుకోవద్దు.

ఆమె మాటలో మొదటి సగం మీకు గుచ్చుకుంది. రెండో సగం చూడండి. ‘ఎన్నిసార్లు చెప్పినా మీ నుంచి రెస్పాన్స్ లేదు.’ ఆమె నిజంగానే చెప్పారు. డైరీలో రాశారు, కింద మీ సంతకం వచ్చింది. అంటే ఆమె లెక్కలో మీరు చదివారు, సంతకం పెట్టారు, ఊరుకున్నారు. ఫోన్‌కి ఏమైనా పంపి ఉంటే అది మీవారి ఫోన్‌లో, గుడ్ మార్నింగ్ బొమ్మల కింద, ఎవరూ తెరవని గ్రూపులో పడి ఉంటుంది. హోంవర్క్ చూస్తే ఒక్క తప్పు లేదు, పరీక్ష రాయిస్తే ఏడు మార్కులు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకున్న ఏ టీచర్‌కైనా ఇంటి దగ్గర ఎవరో చెప్పి రాయిస్తున్నారనే అనిపిస్తుంది. మీ వైపు నుంచి చూస్తేనేమో జూన్ నుంచి ఎవరూ మీకు ఒక్క ముక్క చెప్పలేదు. నోట్‌బుక్కులు బాగున్నాయి, ట్యూషన్ నడుస్తోంది, పాప ఏమీ అనడం లేదు. హఠాత్తుగా ఆ మార్కులు, పైగా ఆ మాట.

ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. మీరిద్దరూ ఇంతవరకూ కలిసింది ఒక్కసారే, అదీ మూడు నాలుగు నిమిషాలు. మిగతాదంతా మ్యూట్‌లో ఉన్న ఫోన్ ద్వారా, ట్యూషన్ ద్వారా, భయపడిపోయిన తొమ్మిదేళ్ల పిల్ల ద్వారా నడిచింది. అందుకే ప్రిన్సిపల్, స్కూల్ మార్పు, ఉమ్మడి కంప్లైంట్, వీటిలో దేన్నీ నేను కొట్టిపారేయను గానీ, వాటికంటే ముందు మధ్యలో ఎవరూ లేకుండా మీరిద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ ఒక్కటీ ఇంకా జరగలేదు.

పేరెంట్స్ మీటింగ్‌లో మాట్లాడాం కదా అంటారేమో. క్లాసులో 40 మంది ఉన్నారనుకోండి. శనివారం పొద్దున 9 నుంచి 12 దాకా మీటింగ్ అంటే ఒక్కొక్కరికి నాలుగున్నర నిమిషాలు. సంతకం, ప్రోగ్రెస్ కార్డు, ‘ఇంకాస్త కాన్సన్‌ట్రేట్ చేయాలండీ’ అనడానికే అవి సరిపోవు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 30 మంది పిల్లలకు ఒక టీచర్ ఉండాలి. మన చుట్టూ ఉన్న స్కూళ్లలో సెక్షన్‌కి ఎంతమందిని కూర్చోబెడుతున్నారో మీరే చూస్తున్నారు. నన్నడిగితే మార్కుల షీట్లు పిల్లల చేతే ఇంటికి పంపేసి, ఆ మూడు గంటలూ నిజంగా ఇబ్బందిలో ఉన్న పదిమంది తల్లిదండ్రులకు ఇవ్వాలి. స్కూళ్లు నన్నడగవనుకోండి.

ఇక మార్కులు. మీరు పట్టించుకోకుండా రాసేసిన ఒక అంకె నన్ను ఆపింది. తెలుగులో 17. చదువు రాని పిల్లకు, శ్రద్ధ లేని పిల్లకు, ఇంట్లో ఎవరూ పట్టించుకోని పిల్లకు తెలుగులో 17 ఎలా వస్తుంది? పడిపోయినవి ఇంగ్లిష్, లెక్కలు, ఈవీఎస్. ఈ మూడూ ఇంగ్లిష్‌లో చదివి అర్థం చేసుకోవాల్సినవే. మూడో తరగతి దాకా లెక్కలంటే ఎక్కువగా అంకెలే. నాలుగులో మాటలతో ఇచ్చే లెక్కలు పెరుగుతాయి, ఈవీఎస్ పాఠాలు పొడవవుతాయి. కొట్టులో చిల్లర సరిచూసుకునే పిల్లకు తీసివేత రాకపోవడం జరగదు. లెక్క వచ్చు, లెక్కలో ఏం అడిగారో అర్థం కావడం లేదు అని నా అనుమానం. అనుమానమే సుమా. దాన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ఒక సాయంత్రం ట్యూషన్‌కి పంపకుండా మీ దగ్గర కూర్చోబెట్టుకోండి. మెషిన్ ఆపేయండి. లెక్కల పుస్తకంలో మాటల లెక్క ఒకటి తీసి గట్టిగా చదవమనండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ మాట మింగేస్తోందో చెవికి తెలుస్తుంది. చదివాక ‘ఇందులో ఏం అడుగుతున్నారు?’ అని తెలుగులో చెప్పమనండి. తర్వాత అలాంటి లెక్కే మీరు నోటితో చెప్పండి: 48 మామిడిపండ్లు ఆరుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని? దీనికి ఎనిమిది అని చెప్పి, పుస్తకంలో లెక్క దగ్గర మాత్రం నోరు మెదపకపోతే సమస్య ఇంగ్లిష్ చదవడంలో ఉంది. రెండుచోట్లా తడబడితే ఎక్కాలు, భాగహారం మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి. పుస్తకం మరీ దగ్గరగా పెట్టుకుని చదువుతున్నా, బోర్డు మీదివి తప్పుగా ఎక్కించుకొస్తున్నా ముందు కళ్లు చూపించండి. దగ్గర్లో ఏ కంటి డాక్టరైనా సరే. ప్రభుత్వాసుపత్రి అయితే మెహదీపట్నంలో సరోజినీదేవి ఉంది.

ఇంకో చిన్న ఉపాయం. ప్రభుత్వ బడుల్లో 2022-23లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టినప్పుడు పాఠ్యపుస్తకాలను రెండు భాషల్లో అచ్చువేశారు. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో. నాలుగో తరగతి లెక్కల పుస్తకం అలాంటిది ఒకటి సంపాదించండి. వీధిలో ప్రభుత్వ బడికి వెళ్లే పిల్లలు ఎవరో ఒకరు ఉంటారు, పాతదైనా పనికొస్తుంది. మీ స్కూల్ పుస్తకం వేరే అయినా ఆ వయసుకు నేర్పేవి ఇంచుమించు అవే. ఇప్పుడు మీరు తెలుగు పేజీ చదవొచ్చు, పాప ఇంగ్లిష్ పేజీ చదవొచ్చు.

ఉత్తరం నిండా ‘నాకు ఇంగ్లిష్ రాదు, నేనేం చెప్పగలను’ అని రాశారు. రోజంతా మీ మెడలో టేపు ఉంటుంది. పదమూడున్నర, ముప్పావు ఇంచీ లూజు, పావు ఇంచీ తగ్గించు అంటూ ఉంటారు. నాలుగో తరగతిలో వచ్చే భిన్నాలు అవే కదా. టేపు పాప చేతికిచ్చి పదమూడుంబావు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. రెండు ముప్పావులు కలిపితే ఎంతవుతుందో గుడ్డ మీద సుద్దతో గీయించండి. ఈ పాఠం ఆ టీచర్ కంటే మీరే బాగా చెప్పగలరు.

సంతకాల విషయం. పాప చేసింది తప్పే, కానీ అది మోసం చేద్దామని చేసిన పని కాదు. డైరీలో నోట్ చూస్తే అమ్మ కోప్పడుతుంది, సంతకం లేకుండా వెళ్తే టీచర్ కోప్పడుతుంది. మధ్యలో ఇరుక్కున్న పిల్లకు పెన్ను తప్ప ఏమీ దొరకలేదు. దెబ్బ వేయడంతో ఆ భయం ఇంకాస్త గట్టిపడి ఉంటుంది. ‘ఇకమీదట డైరీలో ఏం రాసినా నాకు చూపించు, చూసినందుకు తిట్టను’ అని చెప్పండి. చెప్పినట్టే ఉండండి. మొదటిసారి చూపించినప్పుడు మీ మొహం ఎలా ఉందో చూసే రెండోసారి చూపించాలో వద్దో తేల్చుకుంటుంది. ఇకనుంచి సంతకంతో పాటు మీ చేత్తో ఒక ముక్క కూడా రాయండి, ‘చూశాను, ఈ లెక్క మళ్లీ చేయించాను’ అని. తెలుగులోనే.

టీచర్‌ని ఎలా కలవాలి? గేటు దగ్గర పట్టుకోకండి, మెసేజ్‌లో వాదన మళ్లీ ఎత్తకండి. డైరీలోనో, ఒక కాగితం మీదో చిన్నగా రాసి పంపండి. ఇలా ఉండొచ్చు: ‘మేడం గారికి నమస్కారం. మీరు డైరీలో రాసినవి మొన్నటిదాకా నేను చూడలేదు. పాప చదువు గురించి మీతో పదిహేను నిమిషాలు మాట్లాడాలి. స్కూల్ అయ్యాక మీకు ఏ రోజు వీలవుతుందో చెప్పగలరు. ఇది నా సొంత నంబర్.’ అంతే. అదే రోజు స్కూల్ ఆఫీసుకెళ్లి రికార్డులో మీ నంబర్ కూడా రాయించండి, గ్రూపులో మిమ్మల్ని చేర్చమనండి. మీవారి నంబర్ తీసేయనక్కర్లేదు. ఇది చేయడానికి ఎవరి అనుమతీ, ఏ గొడవా అక్కర్లేదు.

మాట్లాడేటప్పుడు తెలుగులోనే మాట్లాడండి. ‘ఇంగ్లిష్‌లో చెప్తే నాకు సగమే అందుతుంది మేడం, తెలుగులో చెప్పండి’ అని మొదటే అనేయండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. చాలామంది టీచర్లకు కూడా అదే హాయి. పై వాళ్లు ఇంగ్లిష్‌లో మాట్లాడమన్నారు కాబట్టి మాట్లాడతారంతే.

ఏం చెప్పాలి? మొదట మీ మెసేజ్ గురించి ఒక్క వాక్యం: ‘ఆ రోజు అందరి ముందు ఆ మాట విని బాధపడి రాత్రి అలా పెట్టాను.’ ఇందులో మీరు సారీ చెప్పినట్టూ కాదు, నిలదీసినట్టూ కాదు. మీ అత్తమ్మ అన్నట్టు కాళ్లావేళ్లా పడాల్సిన పని లేదు. మీకు బాధ కలిగిందని ఆమెకు తెలియాలి, అక్కడితో ఆ సంగతి వదిలేయాలి. వెంటనే ఇంట్లో మీరు చూసింది చెప్పండి. కొట్టులో చిల్లర లెక్క, తెలుగులో చెప్తే లెక్క చేయడం, పుస్తకం చదివేటప్పుడు ఎక్కడ ఆగిందో. ఇది ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసింది మీరు అడగండి. బోర్డు మీద చేసేటప్పుడు పాప అందుకుంటోందా? పుస్తకంలోంచి సొంతంగా చదివి చేయమంటేనే ఆగిపోతోందా? ఎక్కడ కూర్చుంటోంది? డౌట్ అడుగుతోందా? ‘రోజూ పావుగంట నేను ఏం చేయిస్తే మీకు ఉపయోగం?’ అని అడగండి. టీచర్లను ‘మీరేం చేస్తున్నారు’ అని అడిగేవాళ్లు చాలామంది, ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. ఈ ప్రశ్నకు చాలామంది టీచర్లు కాస్త కుదురుగా కూర్చుని జవాబు చెప్తారు.

సంతకాల సంగతి ఆమెకు చెప్పాలా? చెప్పడమే మంచిదని నాకనిపిస్తుంది, ఎందుకంటే మీరు పట్టించుకోలేదన్న ఆమె నమ్మకానికి ఆధారం ఆ సంతకాలే. కాకపోతే రాతలో వద్దు, నోటితో చెప్పండి, ‘క్లాసులో ఈ మాట ఎత్తకండి మేడం’ అని అడగండి. చెప్పబోతున్నట్టు పాపకు కూడా ముందే చెప్పండి. టీచర్ తీరు చూశాక నమ్మకం కుదరకపోతే ‘డైరీ నా దాకా రాలేదు’ అన్నదగ్గరే ఆపేయొచ్చు. అది కూడా అబద్ధం కాదు.

వెళ్లేముందు నోట్‌బుక్కులు ఒకసారి తిరగేయండి. ఎర్ర సిరా దిద్దుబాట్లు ఏ తేదీ దగ్గర ఆగాయి? మీరు మెసేజ్ పెట్టిన రోజు నుంచేనా, అంతకుముందు నుంచేనా? అదే క్లాసు పిల్ల ఎవరైనా మీ వీధిలో ఉంటే ఆ పిల్ల నోట్‌బుక్కు కూడా చూడండి. అందరివీ ఆగి ఉంటే టీచర్ కరెక్షన్‌లో వెనకబడ్డారు, అంతే. మీ పాపది ఒక్కటే ఆగి ఉంటే, ‘ఫలానా తేదీ తర్వాత దిద్దినట్టు లేదు మేడం, పాప నోట్స్ ఇవ్వడం లేదా?’ అని మామూలుగా అడగండి. కారణం ఏదైనా ఆ ప్రశ్న తర్వాత దిద్దడం మొదలవుతుంది.

కక్ష కడతారేమోనన్న మీ భయాన్ని తేలిగ్గా తీసుకోను. అలాంటివాళ్లు అక్కడక్కడా ఉంటారు. కానీ తల్లిని ఎదురుగా చూసి, పేరు పెట్టి మాట్లాడి, పాప గురించి నాలుగు సంగతులు తెలుసుకున్న టీచర్‌కు ఆ పిల్ల మీద కోపం తీర్చుకోవడం కష్టం. రాత్రిపూట వచ్చిన మెసేజ్ మీద కోపం పెట్టుకోవడం తేలిక. రోజూ పాపను ‘మేడం తిట్టిందా, ఏమన్నదా’ అని అడగకండి. అలా అడిగితే పిల్లలు మీకు కావలసిన జవాబే ఇస్తారు. ‘లెక్కల పీరియడ్‌లో ఏం చేశారు, నీ పక్కన ఎవరు కూర్చున్నారు’ అని అడగండి, విషయం దానంతటదే బయటికొస్తుంది. పాప వింటుండగా టీచర్‌ని మీరు గానీ మీవారు గానీ ఏమీ అనొద్దు. పొద్దున్నే వెళ్లి ఆ మనిషి ఎదురుగా కూర్చోవాల్సింది పాపే.

ఆమె మీ కాగితానికి జవాబివ్వకపోతే? వారం ఆగి, అదే కాగితం కాపీతో స్కూల్‌లో ప్రైమరీ కోఆర్డినేటర్‌నో ఇన్‌ఛార్జ్‌నో కలవండి. ‘టీచర్ మీద కంప్లైంట్ కాదు, ఆమెతో మాట్లాడటానికి టైం ఇప్పించండి’ అనండి.

నేరుగా ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్తే పని త్వరగా జరుగుతుంది, నిజమే. కానీ ఆ కంప్లైంట్ టీచర్ చెవికి ‘ఫలానా పేరెంట్ నీ మీద చెప్పారు’ అనే రూపంలోనే చేరుతుంది. ఆ తర్వాత ఆమె మీతో జాగ్రత్తగా ఉంటారు, తన మీదికి రాకుండా ప్రతిదీ రాతలో పెట్టుకుంటారు, మనసు విప్పి మాత్రం మాట్లాడరు. ఉమ్మడి కంప్లైంట్‌కి ఇంకాస్త బలం ఉంటుంది, ఇంకాస్త ప్రమాదమూ ఉంటుంది. మిగతా తల్లుల గొడవ ఏమిటో మీరు రాయలేదు. వాళ్లది హోంవర్క్ ఎక్కువైందన్న గొడవ అయితే మీ పాప సంగతి అందులో కొట్టుకుపోతుంది.

అయితే ఒక గీత ఉంది. టీచర్ చెయ్యి చేసుకున్నా, క్లాసులో పిల్ల పరువు తీసేలా మాట్లాడుతున్నా, మీ మెసేజ్‌కి బదులుగా పాపను వేరుగా కూర్చోబెట్టినా ఇదంతా పక్కన పెట్టి ఆ రోజే ప్రిన్సిపల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ప్రైవేటు స్కూలైనా అంతే. అక్కడ స్పందన లేకపోతే మండల విద్యాధికారి, ఆపైన జిల్లా విద్యాధికారి ఉన్నారు. పిల్లల కోసం 1098 నంబర్ ఉంది. అదే చట్టం 24వ సెక్షన్‌లో, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే తీరు, ప్రగతి చెప్పడం టీచర్ బాధ్యత అని కూడా ఉంది. కాబట్టి టైం అడగడం మీరు కోరుతున్న దయ కాదు. కానీ మొదటి మీటింగ్‌లోనే సెక్షన్ నంబర్లు తీయకండి. అవి మీ ధైర్యానికి, ఆమెకు వినిపించడానికి కాదు.

స్కూల్ మార్చడం గురించి. సెప్టెంబర్‌లో మారిస్తే కట్టిన ఫీజు చాలావరకు పోయినట్టే, కొత్త చోట మళ్లీ అడ్మిషన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం. పాప స్నేహితులు పోతారు. సమస్య ఇంగ్లిష్ చదవడంలో ఉంటే అది పాపతో పాటే కొత్త స్కూల్‌కి వస్తుంది. మీవారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. వేసవి దాకా చూసి, అప్పటికీ కుదరకపోతే జూన్‌లో మార్చడం సబబుగా ఉంటుంది. ఒకవేళ ప్రభుత్వ బడి వైపు చూస్తే ఏడాది మధ్యలోనైనా చేర్చుకుంటారు. టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదని చట్టమే చెప్తోంది. అక్కడ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలన్న నియమం కూడా ఉంది. మీరు ఇప్పుడున్న లాంటి ప్రైవేటు స్కూళ్లకు ఆ కమిటీ నియమం వర్తించదు.

మీ మరిదికి వద్దని ఒక్క ముక్కలో చెప్పేయండి. లీడర్ పేరు వినగానే స్కూల్ వాళ్లు నవ్వుతూ టీ ఇస్తారు, మీ పాపను మాత్రం ‘ఆ గొడవ చేసినవాళ్ల పిల్ల’ అని గుర్తుపెట్టుకుంటారు.

ఇదంతా దసరా సెలవుల లోపే జరిగితే బాగుంటుంది. సెలవులకు ముందు స్కూళ్లలో బతుకమ్మ ఆడిస్తారు, చాలాచోట్ల తల్లులను కూడా పిలుస్తారు. పిలిస్తే వెళ్లండి. పాప రావొద్దన్నా, ముందు తనతో మాట్లాడి ఒప్పించి వెళ్లండి. ఆ రోజు మార్కుల మాట ఎత్తొద్దు. టీచర్‌తో కలిసి నాలుగు చుట్లు ఆడి, బాగున్నారా అంటే బాగున్నాం అని వచ్చేయండి. మీరు స్కూల్‌కి వచ్చినా గొడవ కాలేదని పాప కళ్లతో చూడటం కూడా అవసరమే.

ఇక ట్యూషన్. మీరు అడగలేదు గానీ అసలు తిరకాసు అక్కడే ఉందేమోనని నా ఊహ. ట్యూషన్ చెప్పే అమ్మాయిని తప్పుపట్టడం లేదు. తప్పుల్లేని హోంవర్క్ పంపడమే తన పని అని ఆమె అనుకుంటోంది, మనమూ ఫీజు ఇచ్చేది అందుకే అన్నట్టు ఉంటాం. ఒకసారి వెళ్లి మాట్లాడండి: ‘జవాబు చెప్పి రాయించకు. పాపకు వచ్చినంతే రాయనివ్వు, తప్పుంటే తప్పుగానే ఉండనివ్వు. లెక్క ఇంగ్లిష్‌లో రెండుసార్లు చదివించి, ఏం అడిగారో తెలుగులో చెప్పించాకే పెన్సిల్ పట్టించు.’ దీనికి ఒప్పుకుంటే ట్యూషన్ మాన్పించాల్సిన పని లేదు. ఒప్పుకోకపోతే ఆ రెండు గంటలూ పాప మీ దగ్గర కూర్చుంటేనే నయం. ఒక్క విషయానికి సిద్ధపడండి. మొదటి నెలా రెండు నెలలూ నోట్‌బుక్కు అందంగా ఉండదు, కొట్టివేతలు ఉంటాయి, ఎర్ర గీతలు ఉంటాయి, పరీక్షలో మార్కులు వెంటనే పెరగకపోవచ్చు. ఎందుకలా ఉంటుందో టీచర్‌కి మీటింగ్‌లోనే చెప్పి ఉంచండి, మీవారికి కూడా.